బస్సు లేని సీటు

6వ తేదీ

అయినా ఈ బూట్లు కూడా నా మీదే పగబట్టాలా? ఎడమది కరుస్తుంది, కుడిది మూలుగుతుంది. డాక్టరుదేం పోయింది, "రోజూ గంట నడవండి, చక్కెర దిగుతుంది" అని చీటీ మీద గీకి పారేశాడు. చక్కెర దిగేలోపు నా మడమలు దిగిపోయేట్టున్నాయి.

ఈ డైరీ మా బస్సు డిపోకి టైర్లు వేసే కంపెనీ వాళ్లు ఎప్పుడో ఇచ్చింది. పాతది. తేదీలు సరిపోతాయి, వారాలు సరిపోవు. అందుకని వారం కొట్టేసి రాస్తున్నా. నా బతుకులో తేదీ ఒక్కటన్నా సరిగ్గా ఉంటే అదే పదివేలు.

ఫోన్ తీసుకెళ్లడం మానేశా. బీరువాలో దుప్పట్ల కింద పెట్టా. మా ఆవిడ అడిగింది.

"ఫోన్ లేకుండా ఎక్కడికండీ? దారిలో కళ్లు తిరిగి పడితే ఎవరికి తెలుస్తుంది?"

"పడినవాడికి తెలుస్తుందిగా."

మామూలుగా అయితే "మీ వెటకారం తగలెయ్య" అని నవ్వేది. నవ్వలేదు. ఈ ఇంట్లో నవ్వు ఆగిపోయి పది రోజులైంది.

ఇవాళ చూసింది రాస్తా. ఫోటో లేదు కదా, రాయకపోతే సాయంత్రానికి నాకే నమ్మకం ఉండదు. నాలుగు రోడ్ల దగ్గర ఒకాయన స్కూటర్ మీద బట్టల షాపు బొమ్మని తీసుకెళ్తున్నాడు. బొమ్మకి తల్లేదు. రెండు చేతులూ ఆయన నడుం చుట్టూ వేసి బుద్ధిగా కూర్చుంది. తల మాత్రం ముందున్న బుట్టలో ఉంది, దారి చూపిస్తున్నట్టు నవ్వుతూ. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు. వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఉండాలి కదా. కానీ తలే లేనిదాన్ని ఏమడుగుతాడు? పాపం, బుట్టలోకి చూశాడు, బొమ్మని చూశాడు, పొమ్మన్నాడు.

నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఏమీ దొరక్క సిగ్గుపడి, తొడ గోక్కుని బయటికొచ్చింది.

7వ తేదీ

వాన. నడవలేదు. మంచిదైంది, మడమ బొబ్బలెక్కింది.

8వ తేదీ

పొద్దున మా ఆవిడ గిన్నెలు తోముతూ మొదలెట్టింది. రోజూ ఇదే వేళకి. రేడియోలో వార్తల్లాగా తప్పదు.

"ఆ ఫోటో తీసినవాడి చేతులు పడిపోను. వాడి కంటికి ఎదుటివాడి బతుకు తమాషాగా కనపడిందా? వాడికి కాలికి చెప్పు సరిపడకుండా పోను. వాడు అడుగు తీసి అడుగు వేస్తే ముల్లు గుచ్చుకోను."

నేను గడప మీద కూర్చుని మడమకి నూనె రాసుకుంటున్నా. "అంతేనే, అలాంటివాళ్లని ఊరికే వదలకూడదు" అన్నా. నా నోటితో నేనే అన్నా. దొంగకి తేలు కుడితే అరవలేడంటారు. అరవకపోతే పోనీ, నేను తేలుని మెచ్చుకుంటున్నా.

సరే, డైరీకి కూడా అబద్ధం రాసి ఏం బావుకుంటాను. ఫోటో తీసింది నేను.

వరసగా రాస్తా. మా ఆవిడ తమ్ముడు, అంటే మా బామ్మర్ది, మా డిపోలోనే సీట్ల టైలరు. బస్సుల్లో చిరిగిన సీటు కవర్లు కుట్టడం వాడి పని. నేను టైర్ల సెక్షన్. వాడిని చేతిలో చెయ్యేసి ఉద్యోగంలో పెట్టించింది నేనే. పోయిన నెల ఇరవై ఏడున సాయంత్రం డ్యూటీ దిగాక, బస్టాపులో, ఇద్దరు కూర్చునే బస్సు సీటొకటి రోడ్డు పక్కన ఉంది. దాని మీద మా బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. బస్సు లేదు. కింద చక్రాల్లేవు, పైన టాపు లేదు. సీటూ వీడూ. పక్కన నలుగురు ప్రయాణికులు నిలబడి బస్సు కోసం చూస్తున్నారు. అది చూసి నవ్వనివాడికి పళ్లు దండగ.

తీశా. కింద రాశా: "బస్సు వెనక వస్తోంది. సీటు ముందే పంపించారు."

నా స్నేహితుడు ఒక్కడికే పంపా. లాంగ్‌రూటు అంటాం వాడిని, దూరం బస్సులు నడుపుతాడు. వాడు ఆగలేక డిపో వాళ్లందరూ ఉన్న గ్రూపులో వేశాడు. రెండొందల నలభై మంది నవ్వారు. రెండొందల నలభై ఒకటోవాడు మేనేజరు. ఆయన నవ్వలేదు. సీటు వీపు మీద బస్సు నంబరూ, 31, 32 అనీ తెల్ల పెయింటుతో ఉన్నాయి. "డిపో సొత్తు గేటు పాస్ లేకుండా రోడ్డు మీద ఏం చేస్తోంది?" అన్నాడు. తెల్లారేసరికి మా బామ్మర్ది ఇంటికొచ్చి సీటు పట్టుకుపోయారు, చేతికి సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. అందులో దొంగతనం అని రాసుంది.

ఫోటో ఎవరు తీశారని వాడిని అడిగారట. "ఎవరో దారిన పోయేవాడండీ, నేను చూడలేదు" అన్నాడట. లాంగ్‌రూటు కూడా "నాకెక్కడినుంచో వచ్చింది" అని తప్పించుకున్నాడు.

దారిన పోయేవాడు. ఇప్పుడు రోజూ గంటసేపు నేను చేస్తున్న పనదే.

10వ తేదీ

గొడుగులు అమ్మేవాడు వానలో తడుస్తూ నిలబడ్డాడు. చేతినిండా గొడుగులే. ఒకటి తెరిచి పట్టుకోవచ్చుగా అన్నా. "తడిస్తే పాతదైపోతుంది సార్" అన్నాడు. నాతో ఎప్పుడూ గొడుగు ఉంటుంది, చొక్కా కాలరుకి వెనక తగిలించుకుని తిరుగుతా. నాకు కొత్తది అక్కర్లేదులే అనుకుని దాటిపోయా.

మూడు వీధులు దాటాక అనిపించింది, వాడికి ఒక్క నిమిషం నా గొడుగు పట్టి ఉండొచ్చు కదా అని. నాకన్నీ ఆలస్యంగానే వెలుగుతాయి.

12వ తేదీ

చెల్లాయి వచ్చింది. బామ్మర్ది పెళ్లాం. వరసకి చెల్లెలే గానీ, నాకు సొంత చెల్లెలు లేని లోటు తీర్చిన మనిషి. వచ్చీ రాగానే నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమ్మా అంటే, "వద్దన్నయ్యా, సీటు అంటేనే భయమేస్తోంది" అంది. జోకేసిందో నిజమో తెలీలేదు. వాళ్లింట్లో జోకులు వేసేది వాడే. ఆ మనిషి కూడా వేస్తోందంటే ఇల్లు ఎంత చల్లారిపోయిందో.

"ఇరవై నాలుగున ఎంక్వయిరీ అన్నయ్యా. రుజువైతే ఉద్యోగం తీసేస్తారట. యూనియన్ ఆయన ఒకటే అన్నాడు. సీటు కుట్టడానికే ఇంటికి తెచ్చాడని తెలిసినవాళ్లు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, సాక్షి చెబితే చాలట."

"స్టోర్ కీపరు చెప్పడా?"

"ఆయనే కదా తీసుకెళ్లమంది! ఇప్పుడు నాకేం తెలీదంటున్నాడు. తెలిసినవాళ్లు ఎవరన్నా ఉన్నారేమో నువ్వు కనుక్కో అన్నయ్యా. డిపోలో పెద్దవాడివి. నీ మాటంటే అందరికీ గురి."

మా ఆవిడ అందుకుంది. "కనుక్కుంటారులేవే. ఆయనకి తెలియనివాళ్లు ఎవరు?"

"చూద్దాం" అన్నా.

చూద్దాం! తెలుగులో ఇంతకంటే పిరికి మాట లేదు. ఎవడు కనిపెట్టాడో గానీ వాడూ నాలాంటివాడే అయ్యుంటాడు.

వాళ్లు వంటింట్లోకి వెళ్లాక ఇది రాస్తున్నా. మొన్న రాసినదాంట్లో ఒక ముక్క మింగేశా. "సీటు మీద కూర్చుని ఉన్నాడు" అని రాశా, వాడంతట వాడు కూర్చున్నట్టు. వాడు కూర్చోలేదు. సైకిల్ మీదనుంచి సీటు కింద పెట్టి, కట్టిన తాడు తెగితే ముడేసుకుంటున్నాడు. నేనే అన్నా, "బామ్మర్దీ, ఒక్కసారి కూర్చోరా. కాళ్లు చాపకు. టికెట్ కొన్నవాడిలా కూర్చో." "పోనీ బావా, పొద్దుపోతోంది" అన్నాడు. "ఒక్క ఫోటోరా" అన్నా. బావ అడిగితే బామ్మర్ది కాదంటాడా? కూర్చున్నాడు. కిటికీ లేదు గానీ కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖానికే రెండొందల నలభై మంది నవ్వారు.

14వ తేదీ

మంగలి షాపు. మంగలే కుర్చీలో పడుకుని నిద్రపోతున్నాడు, మెళ్లో తెల్లగుడ్డ కట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి. గడ్డం గీయించుకోడానికి వచ్చినవాడు పక్కన స్టూలు మీద కూర్చుని పేపరు మడిచి ఆయనకి విసురుతున్నాడు. నాకు కింద రాయాల్సింది అప్పుడే తయారైపోయింది: "ముందు వచ్చినవాళ్లకి ముందు."

ఫోన్ ఉంటే ఆ ముక్కతోనే వెళ్లిపోయేవాణ్ణి. లేదు కాబట్టి నిలబడ్డా. లోపలికి తొంగి చూసి, "లేపకపోయారా?" అన్నా.

"హుష్" అన్నాడు పేపరు ఆయన. "వాళ్ల పాపకి మూడు రోజులుగా జ్వరం. కన్ను మూయలేదట. నా గడ్డం ఎక్కడికి పోతుంది, ఇంకాస్త పెరుగుతుంది. పడుకోనీండి."

నేనూ కాసేపు కూర్చున్నా. మధ్యలో చెయ్యి నొప్పెట్టి పేపరు నాకిచ్చాడు. ఇద్దరం వంతులవారీగా విసిరాం. ఏనాడన్నా ఫోటో తీశాక ఒక్క నిమిషం ఉన్నానా నేను? పదేళ్లలో ఎన్ని తీసుంటా? వాళ్లందరూ ఎవరు? వాళ్లకి ఆ తర్వాత ఏమైంది?

15వ తేదీ

డిపోలో టీ తాగుతుంటే లాంగ్‌రూటు పక్కనొచ్చి కూర్చున్నాడు.

"కొత్త ఫోటోలేం లేవా గురూ?"

"కళ్లు మసకలొచ్చాయి."

"నాకూ గొంతు పోయిందిలే" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. గ్లాసుల్లోకి చూసుకుంటూ.

16వ తేదీ

ఇన్నాళ్లూ బామ్మర్ది వాళ్ల సందు తప్పించి నడుస్తున్నా. తప్పించడానికి చుట్టు తిరిగి రోజూ అరమైలు ఎక్కువ నడుస్తున్నా. నా చక్కెర దిగితే ఆ పుణ్యం మా బామ్మర్దిదే. ఇవాళ ఆ చుట్టుదారిలో గుంట తవ్వారు. వేరే దారి లేక వాళ్ల సందులోకే వెళ్లా.

ఆ సందులోకి అడుగు పెడితే చాలు, వాడి కుట్టుమిషను చప్పుడు వినపడేది. ఇవాళ చప్పుడు లేదు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. వాడు మెట్ల మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, ఒట్టినే. ఎక్కించడం, లాగేయడం, మళ్లీ ఎక్కించడం.

"రా బావా. ఏంటి, ఇన్నాళ్లకి దారి తప్పావా?"

"దారి తవ్వారురా."

"తవ్వినవాళ్లు చల్లగుండాలి" అన్నాడు. కూర్చోడానికి పక్కకి జరిగాడు. నా జేబుల వైపు చూశాడు. "ఫోన్ ఏది?"

"ఇంట్లో పెట్టా."

"అయ్యో. ఎదురింటి వాళ్ల తమాషా చూపిద్దామనుకున్నా. పెయింట్ వేసేవాడు గేటు మీదనుంచి దూకి వచ్చాడు, పెయింట్ ఆరాక గానీ గేటు తీయకూడదని. ఇప్పుడు ఇంటాయన ఆఫీసుకెళ్లలేడు. చూడు, గోడ మీద ఎలా కూర్చున్నాడో, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని."

చూశా. నిజంగానే కూర్చున్నాడు. ఇద్దరం నవ్వాం.

"ఆ ఫోటో బాగా వచ్చింది బావా" అన్నాడు, సూది చూసుకుంటూ. "నిజంగా. నా పెళ్లి ఫోటోలో కూడా ముఖం అంత బాగా రాలేదు."

"ఎంక్వయిరీలో నేను..."

"వద్దు." వెంటనే అన్నాడు. ఇన్ని రోజులుగా ఆ మాట పట్టుకునే కూర్చున్నట్టున్నాడు. "నువ్వు నోరు తెరిస్తే నువ్వూ పోతావు. గేటు దాటించినదాంట్లో నువ్వూ ఉన్నావు కదా. రెండిళ్ల పొయ్యీ ఒకేసారి ఆరిపోతే ఎట్టా? ఒకడన్నా మిగలాలి. అక్కతో మాత్రం చెప్పకు. ఫోటో ఎవరు తీశారన్నది నీకూ నాకూ మధ్యనే."

"నువ్వు నన్ను నాలుగు తిట్టరాదూ?"

"అక్క తిడుతోందిగా" అన్నాడు. "దాని తిట్లు సరిపోవా? నేను కొత్తగా ఏం కుట్టాలి వాటికి?"

లేచి వచ్చేశా. తలుపు సందులోంచి చెల్లాయి "అన్నయ్యా, సాక్షి ఎవరన్నా దొరికారా?" అంది. వినపడనట్టు నడిచా. నాకు చెవులు చక్కగా పనిచేస్తాయి. అదే నా ఖర్మ.

ఇక్కడ మూడో ముక్క రాయాలి. డిపోలో కుట్టుమిషను మోటారు కాలిపోయి నాలుగు నెలలైంది. కాగితాలు పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. ఇంతలో పైనుంచి తనిఖీ అన్నారు. నలభై సీట్లు కుట్టాలి. స్టోర్ కీపరు వీణ్ణి పిలిచి, "రోజుకి రెండు ఇంటికి తీసుకెళ్లి నీ మిషను మీద కుట్టుకురా. గేటు పాసూ అదీ అడక్కు. పాసు రాస్తే మిషను పాడైందని కూడా రాయాల్సొస్తుంది" అన్నాడు. అన్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నా, టైరు ట్యూబులు సంతకం పెట్టి తీసుకుంటూ. రోజూ డిపో పని ఇంట్లో చేసి, పొద్దున్నే సైకిల్ మీద తెచ్చి బిగించేవాడు. పదిహేడు సీట్లు అలాగే అయ్యాయి. మా బస్సుల్లో కూర్చునేవాళ్ల కింద ఉన్న కుట్టు మా బామ్మర్ది ఇంట్లో కుట్టిందే.

ఇరవై ఏడున మాత్రం ఆ సీటు ఇనుప చట్రంతో సహా ఊడి వచ్చింది, బరువు. సైకిల్ దాకా ఒక్కడివల్ల కాలేదు. ముందు వైపు వాడు పట్టుకున్నాడు. వెనక వైపు నేను. గేటు వాచ్‌మన్‌కి "సీటుకి జ్వరమొచ్చింది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం" అని చెప్పింది కూడా నేనే. వాడు నవ్వి వదిలేశాడు.

చెల్లాయి వెతుకుతున్న సాక్షి మొన్న మా ఇంట్లో తన ఎదురుగానే ఉండి "చూద్దాం" అన్నాడు.

17వ తేదీ

నడవలేదు.

18వ తేదీ

లెక్క వేసుకున్నా. నా ఉద్యోగం ఇంకా మూడేళ్లు. వాడిది పద్దెనిమిదేళ్లు. మా ఊరి బడిలో అయ్యవారు ఇలాంటి లెక్కే ఇస్తే పలక మీద ఒక్క క్షణంలో చేసి చూపించేవాణ్ణి. ఇప్పుడు నాలుగు రోజులుగా చేస్తున్నా, జవాబు తెలిసే.

వాడే వద్దన్నాడు కదా. వాడే వద్దన్నప్పుడు...

19వ తేదీ

మా ఆవిడ ఇవాళ తిట్టలేదు.

గిన్నెలు తోమింది. మంచినీళ్లు పట్టింది. తిట్టలేదు. ఏమైందే అంటే "ఏముంది" అంది. అన్నం వేళకి అన్నం పెట్టింది. అడక్కుండా మజ్జిగ పోసింది. ముప్పై ఏళ్ల కాపురంలో నేను అడక్కుండా మజ్జిగ రావడం ఇదే మొదలు.

భయమేస్తోంది.

20వ తేదీ

నడిచొచ్చేసరికి గదిలో మంచం మీద తన ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆ ఫోటో చూస్తోంది. ఆ ఫోటో ఎవరో తనకీ పంపారు, తమ్ముడి ముఖం ఉందని ఉంచుకుంది. రోజూ చూసి రోజూ తిట్టేది. ఇవాళ రెండు వేళ్లతో ఫోటో కింది భాగం పెద్దది చేసి నా ముందు పెట్టింది.

ఎండ నా వెనకనుంచి కొట్టింది కదా ఆ సాయంత్రం. నా నీడ పొడుగ్గా సాగి సీటు కాళ్ల దాకా పడింది. తల. భుజాలు. భుజం వెనకనుంచి పైకి లేచి వంకీ తిరిగిన ఒక పిడి. గొడుగు పిడి. కోతికి తోక మెడలో మొలిచినట్టు.

"ఆ గొడుగు అట్టా తగిలించుకోకండీ, చూసేవాళ్లకి తోకలా ఉంటుందని ఎన్నిసార్లు చెప్పాను" అంది.

నా చెయ్యి భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత మా అయ్యవారు చెబితే, మరీ అంత తెలివితక్కువ దొంగ ఉంటాడా అని నవ్వినవాణ్ణి నేను.

ఏం చెప్పాలో తోచక అంతా చెప్పా. తాడు తెగడం, కూర్చోమనడం, సీటుకి జ్వరం, స్టోర్ కీపరు మాట, అన్నీ. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. చివరికి, "నువ్వన్నీ తిడుతుంటే వింటూ కూర్చున్నా" అన్నా.

"పైగా వత్తాసు పలికారు" అంది. కళ్లు తుడుచుకుంది. "అన్నీ తెలిసే వాడు నాకు చెప్పలేదా?"

"నన్ను చెప్పొద్దన్నాడు. నీ పొయ్యి కూడా ఆరకూడదట."

లేచి వెళ్లి నా ఎడమ బూటు తెచ్చి, వెనక మడమ దగ్గర సుత్తి పెట్టి మెల్లగా కొట్టి మెత్తబరిచింది. నా ముందు పెట్టింది.

"నా తిట్టు ఒకటి వెనక్కి తీసుకున్నా. చెప్పుది. మిగతావి ఇరవై నాలుగున చూస్తా."

22వ తేదీ

ఇవాళ చూసింది: ఎవరో ఇల్లు మారుతున్నారు. తోపుడుబండి మీద నిలువుటద్దం. అద్దంలో వీధంతా వెనక్కి నడుస్తోంది. అందులో గొడుగు తగిలించుకున్న ఒకడు కూడా ఉన్నాడు. వాణ్ణి ఆపి పలకరించాలనిపించలేదు.

యూనియన్ ఆయన దగ్గరికెళ్లి సాక్షి పేరు రాయించా. "ఎవరిది?" అన్నాడు. నాదే అన్నా. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఆలోచించుకున్నావా? గేటు దాటించానంటే నీ మీదా కాగితం వస్తుంది." వస్తే రానీ అన్నా. గట్టిగానే అన్నా గానీ దిగేటప్పుడు ఒక మెట్టు తప్పా. బూట్లు మెత్తబడ్డాయిగా, ఇక వాటి మీద తోయడానికి లేదు.

23వ తేదీ

బామ్మర్దికి తెలిసిపోయింది. సైకిల్ వేసుకుని వచ్చి గుమ్మంలోనే అరిచాడు, "బావా, నీకు బుద్ధుందా? చెప్పొద్దన్నానా?" జన్మలో మొదటిసారి నన్ను తిట్టాడు. మనసు తేలికపడింది. ఇంకో రెండు తిట్టరా అనబోయా. మా ఆవిడ వంటింట్లోంచి, "తమ్ముడూ, ఆయన్ని ఏమీ అనకు. తిట్టే డ్యూటీ నాది" అంది.

24వ తేదీ

మేనేజరు గది బయట వరండా. డైరీ టిఫిన్ సంచీలో పెట్టుకొచ్చా. ఊరికే కూర్చోలేక రాస్తున్నా.

ఇక్కడ ఉండే బెంచీని రంగు వేయడానికి తీసుకెళ్లారట. కూర్చోడానికి ఒక్కటే ఉంది. సీటు. 31, 32. రుజువు కోసం తెచ్చి గోడకి ఆనించి పెట్టారు, వీపుకి తాడుతో ఒక అట్టముక్క కట్టి. కవరు పూర్తిగా కుట్టేసి ఉంది. పట్టుకుపోయే వేళకే కుట్టడం అయిపోయింది. ఒక్క దారం బయటికి లేదు. దొంగ సొత్తుకి ఇంత చక్కటి కుట్టు ఎవడు వేస్తాడు?

నేను వచ్చేసరికే వాడు 31లో కూర్చుని ఉన్నాడు. నిన్న తిట్టినదానికి ఇంకా ముఖం చూడట్లేదు. కాసేపటికి పక్కన చెయ్యి తట్టాడు.

"కూర్చో బావా. టికెట్ అడగరులే."

కూర్చున్నా. ఇద్దరం ఒకే వైపు తిరిగి, ఎదురుగా గోడని చూస్తూ. బస్సు లేదు. వరండాలో పోయేవాళ్లు మూతి బిగపట్టుకుంటున్నారు, నవ్వాలో వద్దో తెలీక. వాళ్ల తప్పు లేదు. ఇలాంటిది రోడ్డు మీద కనపడితే నేనైతే పరిగెత్తుకెళ్లి తీసేవాణ్ణి.

కండక్టరమ్మ ఒకావిడ ఆగింది. ఫోన్ సగం బయటికి తీసి, "అన్నా, ఏమీ అనుకోనంటే... తియ్యనా?" అంది.

అడిగింది. తీసే ముందు అడగడం అనేదొకటి ఉంటుందని నాకు యాభై ఐదేళ్లలో తట్టలేదు. బామ్మర్ది నా వంక చూశాడు, ఈసారి నువ్వే చెప్పు అన్నట్టు.

"తియ్యమ్మా" అన్నా. "నా గొడుగు కూడా పడేట్టు తియ్యి. సగం కథ అందులోనే ఉంది."

వాడు మళ్లీ ఆ కిటికీలోంచి చూసే ముఖం పెట్టాడు. నేను పెట్టబోయా, రాలేదు. నాకు సిగ్గుగా ఉంది. సిగ్గు ముఖమే పడి ఉంటుంది. పడనీ.

లోపల స్టోర్ కీపరు గొంతు వినపడుతోంది. "నాకేం సంబంధం లేదండీ" అనే మాట మూడుసార్లు వచ్చింది. తర్వాత నా వంతు. బడిలో పద్యం అప్పజెప్పే ముందు మొదటి ముక్క అరచేతిలో రాసుకునేవాణ్ణి, అది తగిలితే మిగతాది దానంతటదే వచ్చేది. ఇప్పుడూ అంతే, మొదటి ముక్క ఇక్కడ రాసుకుంటా. అయ్యా, ఆ రోజు ఈ సీటుని డిపో పని కోసమే గేటు దాటించారు. ముందు వైపు పట్టుకున్నది మా బామ్మర్ది. వెనక వైపు

అదిగో అటెండరు తలుపు తీశాడు. "సాక్షి ఎవరండీ, రండి లోపలికి" అంటున్నాడు. ఒక్క నిమిషం ఆగవయ్యా, వాక్యం పూర్తి చేసి వస్తా. వెనక వైపు పట్టుకున్నది